మామ చూసిన బండి

మామ పోయిన సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు. సూర్యాపేటలో అంగడి వైపు తిరిగే మూల మీద ఫ్లెక్సీ కట్టారు, దాని మీద చూసి తెలుసుకున్నాను. భుజం మీద కొత్త తువ్వాల, మెడలో బంతిపూల దండ, నోటి నిండా నవ్వు. కింద అశ్రునివాళి అని పెద్ద అక్షరాలు. పోయి అప్పటికి మూడు రోజులైందట.

ఆ ఫొటో ఎక్కడిదో నాకు వెంటనే తెలిసింది. అది నా బండి ముందర దిగిన ఫొటో. పక్కన నిలబడ్డ నన్ను కత్తిరించేశారు గాని నా మోచేయి ఒకటి మిగిలిపోయింది. వెనక తెల్లటి బానెట్ కొంచెం కనిపిస్తూనే ఉంది. ఆ దండ నేను కొన్నదే, ఆ తువ్వాల నేను కప్పిందే. తెలిసిన మనిషి పోయాడంటే ముందు అయ్యో అనిపించాలి. నాకు ఒళ్లు మండింది. చచ్చి కూడా నా బండి ముందరే నిలబడ్డావా అనుకున్నాను. వెనకవాళ్లు హారన్ కొట్టి తిడితే గాని అక్కడి నుంచి కదల్లేదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఈ చుట్టుపక్కల సగం మంది నా మీదికి కొట్లాటకు వస్తారు. అయినా పేరుతో పిలిచినవాళ్లు ఎవరున్నారు గనక. సూర్యాపేట నుంచి కోదాడ దాకా, ఇటు మిర్యాలగూడ దాకా ఆయన అందరికీ మామే. మేమందరం ఆయనకు అల్లుళ్లమే.

అసలు పని పశువుల బేరం. గరిడేపల్లి దగ్గర గొర్రెలు, బర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాడు. మాదీ అలాంటి ఇల్లే. ఎడ్ల జత నిలబడ్డ తీరు చూసి ఏ ఎద్దు కాడి కింద కూలబడుతుందో చెప్పేవాడని మా నాయన మురిసిపోయేవాడు. ఆయన చూడనిది మా నాయన మేకపిల్లను కూడా కొనలేదు. నన్ను చిన్నప్పుడు అంగడికి తీసుకుపోయినప్పుడు మామ బేరం చేయడం కళ్లారా చూశాను. అమ్మేవాడి చేయి, ఈయన చేయి ఒకే తువ్వాల కింద ఉండేవి. ధర నోటితో చెప్పరు. లోపల ఒకరి వేళ్లు ఒకరు నొక్కుకుంటారు, ఏ వేలు ఎంతో వాళ్లకే తెలుసు. చుట్టూ వంద మంది ఉన్నా ఒక్కడికీ తెలియదు. ఆఖరికి ఒకరి వేలు ఒకరు గట్టిగా పట్టుకున్నారంటే బేరం కుదిరినట్టే. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా మాట మారదు. రాత లేదు, సాక్షి లేడు. మా నాయన దాన్ని చూపించి, "సూసినవా, గిదీ మనుషులంటే" అనేవాడు.

ఊళ్లలో ఎడ్లు తగ్గి ట్రాక్టర్లు పెరిగాక మామ కూడా మారాడు. సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్, ఆటో, కారు, ఏది కొనాలన్నా జనం ఆయన్ని వెంట తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఆయన "తీస్కో" అంటే తీసుకునేవాళ్లు, "ఇడిసిపెట్టు" అంటే వదిలేసేవాళ్లు. మూడో మాట ఉండేది కాదు.

ఇంతా చేసి ఆయనకు డ్రైవింగ్ రాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఒకసారి నేను ఎగతాళి చేస్తే, "బర్రెను కొనేముందు మీద ఎక్కి సూస్తమారా?" అన్నాడు.

బండి చూడ్డానికి పోతే ముందు బండి వైపు చూసేవాడే కాదు. అమ్మేవాడిని మంచినీళ్లు అడిగేవాడు. తాగి, చెంబు తిరిగి ఇస్తూ, "మంచిగనే ఉన్నట్టుందిగా, ఎందుకు అమ్ముతున్నవ్?" అనేవాడు. వాడు చెబుతున్నంతసేపూ వాడి మొహం చూడకుండా కాళ్లు చూసేవాడు. తర్వాత నాకు చెవిలో, "నోటితోని మస్తు చెప్తుండు గాని కాళ్ల దిక్కు సూడు, నిలబడలేకపోతుండు" అనేవాడు. ఆ తర్వాత బండి చుట్టూ తిరిగి డోర్లు నిమిరేవాడు. అన్నీ అయ్యాక నేల మీద తువ్వాల పరిచి, డెబ్బై ఏళ్ల మనిషి వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగేవాడు. గేర్ బాక్స్ పక్కనున్న బోల్టు విప్పి, ఆ కన్నంలో చిటికెన వేలు పెట్టి, అంటిన నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూసేవాడు. "ఇంజన్‌ది ఏముంది, పొగ పెట్టి చెప్తది. గేర్లు మూగయి. ఏలు పెట్టి అడగాలె" అనేవాడు. బయటికి వచ్చి ఆ నూనెను తువ్వాలకే తుడుచుకునేవాడు. అందుకే బండి కొన్నవాళ్లు ఆయనకు కొత్త తువ్వాల కప్పేవాళ్లు. అంతే, అదీ ఒక చాయ్. పైసలు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. "బర్రెను సూసినందుకు మీ నాయిన ఇచ్చిండా? నువ్విస్తవా?" అని నన్నే ఒకసారి గదమాయించాడు.

హుజూర్‌నగర్ రైతు ఒకాయన కోదాడలో ఒక ఎర్ర కారు మీద మోజుపడి మామను తీసుకుపోయాడు. నేను కూడా ఉన్నాను. కారు తళతళలాడుతోంది. రైతు జేబులోంచి డబ్బు తీసి చేతిలో పట్టుకుని మరీ నిలబడ్డాడు. మామ వెనక సీట్లో కూర్చుని సీటు బెల్టు లాగడం మొదలుపెట్టాడు. లాగుతూనే ఉన్నాడు, చివరంటా లాగాడు. చివర జానెడు మేర ఎండిన బురద చార ఉంది. "గీ కారు వరదల మునిగింది. అంతా కడిగిండ్రు గాని బెల్టు లోపల కడుగుడు యాదిమరిసిండ్రు" అని దిగి, రైతు చేతిలోని డబ్బు తీసి ఆయన జేబులోనే పెట్టేశాడు. ఆ కథను ఏడాది పొడుగునా ప్రతి చాయ్ హోటల్లోనూ చెప్పుకున్నారు. నేనైతే వంద మందికి చెప్పి ఉంటాను.

ఇక నా సంగతి.

మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమస్తా పని చేసేవాణ్ణి. మిల్లు చేతులు మారింది, కొత్తవాళ్లు తమ మనుషుల్ని పెట్టుకుని నన్ను పొమ్మన్నారు. సూర్యాపేటలో కాపురముండి గరిడేపల్లి, హుజూర్‌నగర్ వైపు బడులకు రోజూ పోయి వచ్చే టీచర్లు చాలామంది. అయిదారుగురు కలిసి నెల కిరాయికి ఒక బండి మాట్లాడుకుంటారు. ఏడు సీట్ల బండి ఒకటి కొంటే మా ఇల్లు గడిచిపోతుందని లెక్క వేసుకున్నాను. ఆరుగురు టీచర్లు ఒప్పుకున్నారు. మా నాయన విడిచిపోయిన మందలో సగానికి పైగా అమ్మాను. పదకొండు గొర్రెలు మా అమ్మ కింద ఉంచాను. ఇంక వెనక్కి చూసుకుంటే మాకు ఏమీ లేదు.

"మామను తోల్కపోకుండ కొనకు" అని మా అమ్మ చెప్పింది. చెప్పకపోయినా తీసుకుపోయేవాణ్ణే.

మిర్యాలగూడలో ఒక బండి అమ్మకానికుందని ఫోన్లో ఫొటో చూసి మామకు చూపించాను. ఎవరిదని అడిగాడు. చెప్పాను. ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టేశాడు. "వేరేది సూద్దాం అల్లుడా. రెండు నెలలు ఆగు" అన్నాడు. బడులు తెరవడానికి వారం రోజులే ఉంది. రెండు నెలలు ఆగితే టీచర్లు వేరే బండి మాట్లాడుకుంటారని, నా తిప్పలు నావని చెప్పుకున్నాను. "సరే పా" అన్నాడు.

ఆ రోజు మామ మంచినీళ్లు అడగలేదు. ఎందుకు అమ్ముతున్నావని అడగలేదు. అమ్మేవాడి కాళ్లు కూడా చూడలేదు, గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. ఇవన్నీ నాకు తర్వాత గుర్తొచ్చినవి. అప్పుడు నా కళ్లు బండి మీదే ఉన్నాయి. తువ్వాల పరిచి కిందికైతే జరిగాడు. బోల్టు విప్పాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఎప్పటికన్నా చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చి వేళ్లు తుడుచుకుంటూ, తుడుచుకుంటూనే, "తీస్కో" అన్నాడు.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. బండికి ఒక దండ, మామకు ఒక దండ తెచ్చాను. తువ్వాల కప్పాను. ఫొటో దిగుదామంటే నవ్వాడు కూడా. ఫ్లెక్సీ మీది నవ్వు అదే.

మూడు వారాలు నడిచింది. నాలుగో వారం మొదట్లో, పొద్దున్నే, గరిడేపల్లి ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా, మూడో గేరు దానంతట అదే టక్కున బయటికి వచ్చేసింది. మళ్లీ వేశాను. మళ్లీ వచ్చింది. మూడోసారి వేస్తే కింద ఇనుము విరుగుతున్న చప్పుడైంది. ఆ తర్వాత ఏ గేరూ పడలేదు. రెండు పక్కలా వరి మళ్లు, మధ్యలో బండి, బండిలో ఆరుగురు టీచర్లు.

"తొమ్మిదైతుంది తమ్మీ, ఫోన్ల మొకం చూపియ్యకపోతే హాజరు పడదు" అని ముందు సీట్లోని మేడమ్ గాభరా పడింది. అందరూ దిగి, చీరలు ఎత్తిపట్టుకుని, వచ్చిన ఆటోను ఆపి ఎక్కారు. పాపం తిట్టలేదు. రెండు రోజులు ఓపిక పట్టారు. మూడో రోజు ఆ మేడమే ఫోన్ చేసి, "ఏమనుకోకు తమ్మీ, వేరే బండి మాట్లాడుకున్నం" అంది. ఏమనుకుంటాను?

బండిని ట్రాక్టర్‌కు కట్టి కోదాడ లాక్కుపోయాను. అక్కడి మెకానిక్ గేర్ బాక్స్ దింపి, నూనె పళ్లెంలోకి వంచి, నన్ను దగ్గరికి పిలిచాడు. నూనెలో ఎర్రటి ముద్దలు తేలుతున్నాయి.

"ఇదేంటో తెలిసిందా? రంపప్పొట్టు. గేర్లు అరిగి కూత పెడుతుంటే పొట్టు పోసి మూత బిగిస్తారు. ఓ నెల చప్పుడు రాదు. ఈలోపు ఎవరికో ఒకరికి అంటగడతారు. బండి ఎవరు చూసిపెట్టారండీ మీకు?"

మామ పేరు చెప్పాను. మెకానిక్ నన్నొకసారి, పళ్లాన్నొకసారి చూశాడు.

"ఆయన వేలు పెట్టి చూశాడా?"

"చూశాడు."

"అయితే తెలియకుండా ఉండదే" అని పక్కకు తిరిగి పానాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. నా మొహం చూడలేకపోయాడనుకుంటాను. రుద్ది చూస్తే పసిపిల్లవాడికి కూడా తెలుస్తుంది. గరగరలాడుతుంది. నేనే ఆ పళ్లెంలో వేలు ముంచి రుద్ది చూశాను. అంతసేపు ఆయన బండి కింద ఏం చేశాడో అప్పుడు తెలిసింది.

గేర్లన్నీ మార్చాలంటే బండి ధరలో సగమవుతుందన్నాడు. మా అమ్మ మిగిలిన పదకొండు గొర్రెలను తోలించేసింది. వాటి డబ్బుకు మూడో గేరు, రెండు బేరింగులు పడ్డాయి. "ఎన్నాళ్లు ఆగుతుందో నేను మాటివ్వలేనండీ. గేర్ల పెట్టెకే సన్నగా పగులుంది" అని మెకానిక్ ముందే చెప్పాడు. డబ్బు పుచ్చుకుని నిజం చెప్పిన మనిషిని ఆ నెలలో నేను చూసింది ఆయన్నొక్కణ్ణే.

అంగడి రోజున మామను పట్టుకున్నాను. చాయ్ హోటల్ బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. అబద్ధమాడతాడని, పెద్దగా అరవాలని సిద్ధపడి పోయాను.

"మామా, కింద పండుకోని ఏలు పెట్టినవ్ గదా. పొట్టు తగల్లేదా?"

గ్లాసు కింద పెట్టాడు. "తగిలింది."

అరవడానికి పోయినవాణ్ణి ఎదురుగా కూర్చున్నాను. "తగిలితే తీస్కో అని ఎట్లన్నవ్?"

"నువ్ రాకముందే ఆ బండి అమ్మినోడు నా దగ్గరికి వచ్చిండు. ఎవడన్న కొనేటోడు నన్ను తోల్కొస్తే సరే అనమన్నడు. ఏలు పట్టుకున్న. ఆ కొనేటోడు నువ్వైతవని నాకేం ఎర్క?"

"నేనని ఎర్కైనంక చెప్పొద్దా?"

"రెండు నెలలు ఆగమన్న గదరా. నువ్ ఆగితివా?"

"ఎందుకాగాల్నో చెప్పినవా?"

"ఏలు పట్టుకున్నంక ఎట్ల చెప్తం? గీ అంగట్ల నలభై ఏండ్ల సంది ఒక్కసారి మాట తప్పలే నేను."

ఆ మాట ఆయన తల వంచుకుని అని ఉంటే నేను అక్కడితో ఊరుకునేవాణ్ణేమో. తల ఎత్తి, గొప్పగా అన్నాడు. మిర్యాలగూడ మోసగాడికిచ్చిన మాట నిలబడింది. ఆయన్ని నమ్మి చేయి పట్టుకుని తీసుకుపోయిన నాకు మాట ఇవ్వలేదట, నేను వేలు పట్టుకోలేదు గదా.

"మా నాయిన నీ మాట మీదనే బతికిండు మామా. ఆయన గొర్లు అమ్ముకోని అచ్చిన నేను."

"మీ నాయిన కాడ ఎన్నడూ గట్ల చెయ్యలే" అన్నాడు గబుక్కున.

"అంటే మిగిలినోళ్ల కాడ చేసినవా?"

చాయ్ అయిపోయిన గ్లాసును బల్ల మీద తిప్పాడు. "అందరి కాడ కాదు" అన్నాడు.

తర్వాత నడుము దగ్గర దోపుకున్న చిన్న మూట విప్పి, మడత పెట్టిన నోట్లు నా వైపు తోశాడు. "ఆడిచ్చింది ఇంతనే. పెట్టుకో." నేను ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. మా అమ్మకు చెబితే, "తీసుకుంటే డీజిల్‌కైనా అచ్చేదిగదరా" అని నన్నే తిట్టింది.

ఆ "అందరి కాడ కాదు" అన్న మాట నన్ను చాలా రోజులు తిననివ్వలేదు. ఎర్ర కారు దగ్గర డబ్బును ఆ రైతు జేబులోనే పెట్టిన చెయ్యి అబద్ధం కాదు. నా బండి కింద నూనె రుద్దిన చెయ్యీ అదే. అక్కడ వద్దన్నాడు గనకనే జనం ఇక్కడ తీస్కో అంటే నమ్మారు. ఆయన అలా లెక్క వేసుకుని చేశాడా, ఎప్పుడు ఎవడు వచ్చి చేయి చాపితే వాడి వేలు పట్టుకున్నాడా, నాకు ఇప్పటికీ తేలలేదు. తేలినా నా గొర్రెలు రావు.

అందరికీ చెప్పాను. ఊరుకోలేదు. అదే చాయ్ హోటల్లో నిలబడి చెప్పాను. ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. "మామ గట్ల చెయ్యడు. నీకు తోలరాక గేర్లు ఇరగ్గొట్టుకోని ఆయన మీద పెడ్తున్నవ్" అన్నారు. ఎర్ర కారు కథ మళ్లీ నాకే చెప్పారు. ఆ కథ ఊరంతా చాటినవాణ్ణి నేనే. ఎవరితో చెప్పుకుంటాను?

రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. రోడ్డు మీద కనిపిస్తే చేయి ఎత్తేవాడు, "అల్లుడా" అని పిలిచేవాడు కూడా. నేను అద్దం ఎత్తేసి పోయేవాణ్ణి. బండిని పెళ్లిళ్లకు, దవాఖానకు పోయేవాళ్లకు కిరాయికి తిప్పాను. తిప్పినన్నాళ్లూ పాటలు పెట్టలేదు, చెవులు గేర్ బాక్స్ మీదే. ఈ మధ్య మళ్లీ కూత మొదలైంది. అమ్మేద్దామని ఫోన్లో ఫొటో పెట్టాను. ఫ్లెక్సీ చూసింది ఆ వారమే.

హాలియా నుంచి ఒక రైతు వచ్చాడు. నా ఈడువాడే. నాట్లకు కూలీలను ఊరి నుంచి ఊరికి చేరవేసే పని పెట్టుకుంటాడట, దానికి బండి కావాలట. రెండు దుక్కిటెడ్లుంటే అమ్మేశానన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి వంగను కూడా వంగకుండా అడిగాడు.

"అన్నా, గిది మామ సూసిన బండేనట గదా?"

"ఎవరు చెప్పిండ్రు?"

"ఫ్లెక్సీ మీద ఆయనెనక ఉన్నది గీ బండే అని అంగట్ల చెప్పిండ్రు. మామ ఉంటే ఆయన్నే తోల్కొచ్చేటోణ్ణి. ఏం జేస్తం, పోయిండు."

నేను దాచలేదు. "సూసిండు. గేర్ బాక్స్ ఖరాబైందని ఎర్కై కూడా నాకు అంటగట్టిండు. ఇప్పుడు మళ్ల కూత పెడ్తుంది, పెట్టెకు పగులుంది. మెకానిక్‌ను తెచ్చి సూపెట్టుకో, లేకుంటే వద్దు."

అతని మొహం ముందు ఎర్రబడింది. తర్వాత మెల్లగా నవ్వాడు.

"ఇంకెవడన్న ఎక్కువ పెడ్తనన్నడా? అందుకే నన్ను ఎల్లగొడ్తున్నవా?"

"కాదన్నా, నిజం చెప్తున్న."

"సచ్చినాయన మీద గట్ల అనకు, మంచిది కాదు. మామ సూసిన బండికి ఏంగాదు. నాకు ఎర్కలేదా?" అంటూ జేబులోంచి డబ్బు తీసి నా చొక్కా జేబులో కుక్కాడు. కాగితాలు ఎక్కడున్నాయని అడిగాడు.

ఇంకోసారి చెప్పాల్సింది. చేయి పట్టుకుని కోదాడ మెకానిక్ దగ్గరికి తీసుకుపోవాల్సింది. మా అమ్మ గడపలో నిలబడి చూస్తోంది. నేను లోపలికి పోయి కాగితాలు తెచ్చి ఇచ్చాను. ఒకసారి చెప్పాను గదా అనుకున్నాను. మా ఖాళీ దొడ్లోకి ఆ డబ్బుతో మళ్లీ గొర్రెలు వచ్చాయి.

మామ మీది కోపం తగ్గితే బాగుండునని రెండేళ్లుగా అనుకున్నాను. ఆ సాయంత్రం నుంచి వెతుక్కుంటే ఆ కోపం దొరకడం లేదు. దొరికితేనే బాగుండేది.

నిన్న పొద్దున హాలియా నుంచి ఫోన్ వచ్చింది. రెండుసార్లు మోగింది. నాట్లు జోరుగా పడుతున్న రోజులు, బండి నిండా కూలీలు ఉండి ఉంటారు. మంచిగా నడుస్తోందని చెప్పడానికి చేశాడేమో, తెలియదు. నేను ఎత్తలేదు.